పిజ్జా డబ్బా మీద వంశవృక్షం

2011లో మా ఇంట్లో ఉన్న సామానంతా చెప్పమంటే ఒక్క వాక్యంలో అయిపోతుంది. ముందు బ్యాచ్ వాళ్ళు వదిలేసి వెళ్ళిన సోఫా ఒకటి, పాత టీవీ ఒకటి, నాలుగు పరుపులు. డాలస్ పక్కన రిచర్డ్‌సన్‌లో ఎమ్మెస్ చదవడానికి వచ్చిన నలుగురు అమ్మాయిలం. కేబుల్ పెట్టించుకునే స్తోమత లేక ఒక చవక యాంటెన్నా కొని కిటికీకి టేపుతో అంటించాం. ఊరికే వచ్చే ఛానళ్ళలో ఏబీసీ ఒకటి. అక్కడ అది ఎనిమిదో నంబరు. వాతావరణం బాగుంటే బొమ్మ అద్దంలా వచ్చేది. బాగోకపోతే మన దూరదర్శన్ రోజుల్లోలా చుక్కలూ గీతలూ కాదు, మొహాలు గళ్ళుగళ్ళుగా విడిపోయి అలాగే బిగుసుకుపోయేవి. అప్పుడు మాలో ఒకరు వెళ్ళి కిటికీ దగ్గర చెయ్యెత్తి నిలబడాలి. ఎక్కువసార్లు ఆ పని ఖమ్మం మీద పడేది.

ఖమ్మం అంటే ఊరు కాదు, మా రూమ్మేట్. మేం ఒకరినొకరు ఊళ్ళ పేర్లతోనే పిలుచుకునేవాళ్ళం. నేను భీమవరం. మాకన్నా ఏడాది ముందొచ్చిన ఆవిడ కడప అక్క. నాలుగో అమ్మాయిది హైదరాబాద్. ఎప్పుడూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అసైన్‌మెంట్లు చేసుకుంటూ ఉండేది.

అక్టోబరు 23, ఆదివారం సాయంత్రం ఏడింటికి 'వన్స్ అపాన్ ఎ టైమ్' మొదలైంది. మన మాటలో చెప్పాలంటే 'అనగనగా'. ఆ రాత్రి దాన్ని అమెరికా మొత్తం మీద కోటీ పాతిక లక్షల మందికి పైగా చూశారని తర్వాత చదివాను. మేం చూసింది మాత్రం వారానికి సరిపడా సాంబారు కాస్తూ, పొయ్యి దగ్గరికీ సోఫా దగ్గరికీ తిరుగుతూ. స్నో వైట్ పెళ్ళిలో సవతి తల్లి రాణి వచ్చి, కథల్లోని వాళ్ళందర్నీ ఒక శాపంతో మన లోకానికి విసిరేస్తుంది. మెయిన్ రాష్ట్రంలో స్టోరీబ్రూక్ అనే చిన్న ఊరు. అక్కడ ఎవరికీ తామెవరో గుర్తుండదు, కాలం కదలదు. స్నో వైట్ టీచరు, రాకుమారుడు ఆస్పత్రిలో కోమాలో ఉన్న రోగి, రాణి రెజీనా ఊరికి మేయరు. శాపం నుంచి పసిగుడ్డుగా తప్పించి పంపేసిన స్నో వైట్ కూతురు ఎమ్మా, తన 28వ పుట్టినరోజునాడు ఆ ఊరు చేరుతుంది. ఆమెని తీసుకొచ్చేది ఆమె ఎప్పుడో దత్తత ఇచ్చేసిన పదేళ్ళ కొడుకు హెన్రీ. ఆ పిల్లాణ్ణి పెంచుకుంటున్నది ఎవరనుకున్నారు? రెజీనా.

"స్నో వైట్ అంటే ఎవరక్కా?" అంది ఖమ్మం. మేం ముగ్గురం ఆ అమ్మాయి వైపు తిరిగి చూశాం. "స్నో అంటే మొహానికి రాసుకునేది కదా," అంది పాపం నిజాయితీగా.

నవ్వాం. బాగా నవ్వాం. ఖమ్మం పదో తరగతి దాకా తెలుగు మీడియం. నేను కాన్వెంటు. ఆ కథలన్నీ రంగురంగుల బొమ్మల పుస్తకాల్లో రెండో తరగతిలోనే చదివేశానని నాకు కాస్త పొగరు. తర్వాతి ఏడు నెలల్లో ఆ పొగరు వారానికి ఇంత చొప్పున దిగింది.

ఆ సీరియల్ అసలు కిటుకు ఏమిటంటే, ఊళ్ళో ఉన్న ప్రతి మనిషీ ఏదో ఒక కథలోంచి వచ్చినవాడే, కానీ ఎవరెవరో వాళ్ళు వెంటనే చెప్పరు. చూసేవాళ్ళే పట్టుకోవాలి. పేర్లలో గుట్టు పెట్టేవాళ్ళు. స్నో వైట్‌కి ఈ లోకంలో ఇంటిపేరు బ్లాంచర్డ్, ఫ్రెంచిలో బ్లాంష్ అంటే తెలుపు. రెజీనా అంటే లాటిన్‌లో రాణి. మాయాదర్పణం సిడ్నీ గ్లాస్ అనే పత్రికా సంపాదకుడు, ఆయన పత్రిక పేరు డైలీ మిర్రర్. పినోకియో కథలో మనస్సాక్షిగా ఉండే కీచురాయి ఆర్చీ హాపర్ అనే మానసిక వైద్యుడు. ఎర్ర టోపీ పిల్ల రూబీ. సిండరెల్లా ఆష్లీ, అందులో ఆష్ అంటే బూడిద ఉంది. ఊళ్ళో సగం ఆస్తులకు యజమాని, తాకట్టు కొట్టు నడిపే మిస్టర్ గోల్డ్ ఎవరంటే, గడ్డిని వడికి బంగారం చేసే రంపుల్‌స్టిల్ట్‌స్కిన్. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చు వేయించిన ఆ కథే ఒక ఊహల ఆట. మూడు రోజుల్లో నా పేరు కనిపెడితే నీ బిడ్డ నీకు, లేకపోతే నాకు అంటాడు మరుగుజ్జు. రాణి రోజంతా పేర్లు అడుగుతూనే ఉంటుంది. మేం ఆదివారం నుంచి ఆదివారం దాకా చేసింది అదే పని.

కడప అక్కకి మొదట్నుంచీ నమ్మకం లేదు. సీరియల్ సృష్టికర్తలు ఎడ్వర్డ్ కిట్సిస్, ఆడమ్ హొరోవిట్జ్ అంతకు ముందు 'లాస్ట్' అనే సీరియల్ రాసిన బృందంలో వాళ్ళు. అక్క అది పూర్తిగా చూసి, చివర్న అలిగి ఉన్న మనిషి. "ముళ్ళు వెయ్యడంలో మొనగాళ్ళు వీళ్ళు. విప్పేది మాత్రం అడగొద్దు," అనేది. అయినా స్టోరీబ్రూక్ గడియారం 8:15 దగ్గర ఆగిపోయి ఉందనీ, 'లాస్ట్'లో కూలిన విమానం నంబరు కూడా 815 అనీ మొదటి రాత్రే కనిపెట్టింది ఆవిడే. అలిగినవాళ్ళంత శ్రద్ధగా అభిమానులు కూడా చూడరు.

మా ఊహాగానాల్లో ఐదో మనిషి భీమవరం దగ్గర పల్లెలో ఉండేది. మా అమ్మమ్మ. ఎనిమిదింటికి సీరియల్ అయ్యేసరికి అక్కడ సోమవారం తెల్లారి ఆరున్నర. కాలింగ్ కార్డు గీకి, ఆ పదహారు అంకెలూ నొక్కితే అటు అమ్మమ్మ పొయ్యి మీద పాలు పెట్టి ఫోను ఎత్తేది. చదువు గురించి రెండు ముక్కలు, తిండి గురించి నాలుగు ముక్కలు అయ్యాక మాట్లాడ్డానికి ఏం లేక ఒకసారి ఈ కథ చెప్పాను. అంతే. మరుసటి వారం నుంచి "తిన్నావా" తర్వాత రెండో ప్రశ్న "ఏమైందే" అని. మిస్టర్ గోల్డ్‌కి బంగారయ్య అని పేరు పెట్టేసింది. రెజీనా ఒట్టి 'రాణి'.

రాణి దగ్గర ఒక విద్య ఉంది. ఎదుటి మనిషి ఛాతీలోకి చెయ్యి పెట్టి గుండె పెరికేస్తుంది. మనిషి చావడు. ఆ గుండెని పెట్టెలో దాచుకుంటే అతను బానిసలా పడి ఉంటాడు. నేలమాళిగలో గోడ నిండా అలాంటి పెట్టెలు. ఇది చూడగానే మాకు వేరే ఎవరు గుర్తొస్తారు? మాయలఫకీరు. ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం.

అమ్మమ్మకి చెబితే పెదవి విరిచింది. ఫోన్లో పెదవి విరిచింది కనబడదు గానీ నాకు తెలుసు. "ఫకీరుకున్న తెలివి లేదే దీనికి. వాడు తన ప్రాణం దాచుకున్నాడు. ఇది ఊళ్ళోవాళ్ళ గుండెలు దాచుకుంటే దానికొరిగేదేంటి?"

డిసెంబరు 11న ఏడో ఎపిసోడ్. ఫైనల్ పరీక్షల ముందు వారం. ఊరి షెరీఫ్ గ్రహమ్ అంటే స్నో వైట్‌ని చంపకుండా వదిలేసిన వేటగాడు. రాణి అతని గుండె పెట్టెలో పెట్టుకుంది. అతనికి పాత జన్మ గుర్తొచ్చిన క్షణంలోనే ఆమె నేలమాళిగలో ఆ గుండెని పిడికిట్లో నలిపి బూడిద చేసింది. ఎమ్మా చేతుల్లో కూలిపోయాడు. మాలో ఇయర్‌ఫోన్లు తీసి టీవీ చూసేది హైదరాబాద్ ఒక్క గ్రహమ్ కోసమే. ఆ అమ్మాయి లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మళ్ళీ ఆ సీరియల్ వైపు చూడలేదు. ఆ నటుడు జేమీ డోర్నన్ తర్వాత వేరే సినిమాతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాక మాత్రం, మొదట గుర్తించింది నేనే అని అందరికీ చెప్పుకుంది.

తర్వాతి ఎపిసోడ్ జనవరి 8కి గానీ లేదు. నాలుగు వారాలు. సెలవులు, చలి, కారు లేదు, ఎక్కడికీ వెళ్ళలేం. చేతిలో ఉన్నవల్లా ఊహలే. ఆ నాలుగు వారాల్లోనే పిజ్జా డబ్బా మొదలైంది.

గ్రహమ్ తిరిగి వస్తాడని నేను బల్లగుద్ది చెప్పాను. మన కథల్లో చచ్చినవాడు బతికి వస్తాడు, నీళ్ళు చల్లితే లేస్తాడు, అలాంటిది గుండె బయట ఉన్నవాడు రాకపోవడమేంటని నా వాదన. కడప అక్క ఏకంగా రెండు సిద్ధాంతాలు తయారు చేసింది. ఖమ్మం పిజ్జా ముక్క నములుతూ, "నలిపేసింది కదక్కా. బూడిదైంది. ఇంకెట్లొస్తడు?" అంది. అంత సింపుల్‌గా ఉండదులే అని కొట్టిపారేశాం. రాలేదు.

డబ్బా ఖాళీ అయ్యాక దాని లోపలి మూత మీద, నూనె మరకలు లేని చోట, ఖమ్మం బాల్ పాయింట్ పెన్నుతో వరసలు గీయడం మొదలుపెట్టింది. మనకి ఎవరు కనబడినా ముందు వరస తేలాలి కదా. రెజీనా స్నో వైట్‌కి సవతి తల్లి. స్నో వైట్ కూతురు ఎమ్మా. ఎమ్మా కొడుకు హెన్రీ. అంటే రెజీనా హెన్రీకి తాతమ్మ అవుతుంది. వాడు మాత్రం ఆమెని అమ్మా అంటున్నాడు. పైగా కాలం ఆగిపోయింది కాబట్టి అమ్మమ్మకీ తల్లికీ ఒకటే వయసు. గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయి చివరికి ఆ బొమ్మ మా ఊరి కరెంటు స్తంభంలా తయారైంది. దాన్ని ఫ్రిజ్ వెనక దాచి, ఆదివారం ఆదివారం తీసేవాళ్ళం.

మార్చి 11 సంగతి చెప్పాలి. అక్కడ వసంతం వస్తోందంటే గడియారాలు గంట ముందుకు జరుపుతారు. ఆ ఏడాది అది ఆ ఆదివారమే. ఫోన్లు వాటంతట అవే మారిపోతాయి. మా గోడ గడియారం ఎవరు మారుస్తారు? అందరం బట్టలుతుక్కుని, తలలంటుకుని, ఏడింటికి తీరిగ్గా టీవీ పెడితే వేరే ప్రోగ్రాం వస్తోంది. అసలు టైమ్ ఎనిమిది. స్టోరీబ్రూక్ గడియారం ఎమ్మా రాకతో కదిలింది గానీ మా గోడది కదల్లేదు. మర్నాడు ఏబీసీ సైట్‌లో చూడాల్సి వచ్చింది. చిన్న లాప్‌టాప్, మూడు తలలు, మధ్యమధ్యలో యాడ్స్.

అది ఎర్ర టోపీ పిల్ల కథ. ఊరి చుట్టూ తోడేలు తిరుగుతోంది, మనుషుల్ని తినేస్తోంది. రెడ్ అనే ఆ పిల్లని వాళ్ళ అవ్వ రాత్రిళ్ళు బయటికి రానివ్వదు. తలుపులకి గడియలు, అవ్వ చేతిలో విల్లు. రెడ్‌కి పీటర్ అనే కుర్రాడంటే ఇష్టం. రెడ్, స్నో వైట్ కలిసి మంచులో అడుగుజాడలు వెతుక్కుంటూ వెళ్తే, తోడేలు పాదాలు కాస్తా పోనుపోను బూట్ల గుర్తులుగా మారిపోతాయి. అవి సరిగ్గా రెడ్ పడుకునే గది కిటికీ దగ్గర ఆగుతాయి. ముందు రోజు రాత్రి ఆ కిటికీ దగ్గరికి వచ్చింది పీటర్. అంటే తోడేలు పీటరే.

యాడ్ వచ్చింది. "చూశారా, ప్రేమించినవాడే తోడేలు. అసలు కథలో ఉన్న నీతే అది, మగాళ్ళని నమ్మొద్దని. ఫ్రాన్స్‌లో 1697లో పెరో రాసినప్పుడే చెప్పాడు," అని లెక్చర్ మొదలుపెట్టాను.

ఖమ్మం తల గోక్కుంటూ, "అక్కా, ఆ ముసలామె ఊకే ఎర్ర కోటు తొడుక్కో, తొడుక్కో అంటది చూడు. అది చలికి కాదు," అంది.

"మరి?"

"ఆ కోటు లేకపోతే ఏదో అయితది ఆ పిల్లకి. తోడేలు ఆ పిల్లేనేమో."

నేను నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. ఎర్ర టోపీ పిల్ల తోడేలేంటి, తోడేలు అవ్వని మింగాలి, పిల్లని మింగాలి, కట్టెలు కొట్టేవాడు వచ్చి పొట్ట కోయాలి అని కథంతా అప్పజెప్పాను. యాడ్ అయిపోయింది. రెడ్ పీటర్‌ని నమ్మించి, రాత్రి ఏ గొడవా జరక్కుండా చెట్టుకి గొలుసులతో కట్టేసింది. అక్కడ ఇంట్లో అవ్వ మంచం మీద ఎర్ర కోటు కప్పుకుని పడుకున్నది మనవరాలు కాదని, స్నో వైట్ అని చూసి గుండెలు బాదుకుంది. ఆ కోటే రెడ్ తోడేలుగా మారకుండా ఆపే మంత్రం. చంద్రుడు పైకొచ్చాడు. గొలుసుల్లో ఉన్న కుర్రాడి మొహం, అతను ఎదురుగా ఏం చూస్తున్నాడో మనకి చూపించకుండా ఆ మొహం ఒక్కటే. తర్వాత అవ్వ వెండి మొన ఉన్న బాణం వేసి ఆపేదాకా తోడేలు తింటూనే ఉంది.

ఖమ్మం మెల్లగా లాప్‌టాప్ మూసింది. పాపం, గెలిచినట్టు మొహం పెట్టలేదు.

ఆ రోజు నాకో విషయం బోధపడింది. నాకు పాత కథ తెలుసు కాబట్టి నేను టీవీలో పాత కథనే చూస్తున్నాను. ఆ పిల్లకి తెలీదు కాబట్టి ఎదురుగా ఉన్నది చూస్తోంది. రచయితలు వేసిన వల కూడా నాలాంటివాళ్ళ కోసమే. అసలు ఆ సీరియల్ బతికింది మా తెలివితేటల మీదే. డిస్నీ వాళ్ళ సొంత ఛానల్ కాబట్టి పాత డిస్నీ బొమ్మల సినిమాల సరుకంతా వాడుకోవచ్చు. గ్రిమ్ సోదరుల స్నో వైట్ కథలో మరుగుజ్జులకి అసలు పేర్లే లేవు, గ్రంపీ లాంటి పేర్లు పెట్టింది 1937 నాటి డిస్నీ సినిమా. సీరియల్ వాళ్ళు ఆ పేర్లే తీసుకుని, మనకి తెలిసిందనిపించి, సరిగ్గా అక్కడ కాలు పట్టి లాగేవాళ్ళు. బ్యూటీ అండ్ ది బీస్ట్ కథలో మృగం స్థానంలో రంపుల్‌స్టిల్ట్‌స్కిన్‌ని నిలబెట్టినప్పుడూ అంతే. ఆ కథలోని అమ్మాయి బెల్ చేతిలోంచి జారి అంచు విరిగిన టీ కప్పుని ఆ మనిషి పారెయ్యడు. ఈ లోకంలో కూడా దాన్ని దాచుకుంటాడు. ఆ వేషం వేసిన రాబర్ట్ కార్లైల్ ఆ కప్పుని రెండు చేతులతో పట్టుకునే తీరు చూశాక నేను ఆయన్ని ఏ సీన్‌లోనూ విలన్‌గా చూడలేకపోయాను.

అందరికీ పెద్ద టెన్షన్ పెట్టింది మాత్రం ఆగస్ట్. స్టోరీబ్రూక్‌కి బయటివాళ్ళు ఎవరూ రారు. జనవరిలో ఒకడు మోటార్‌సైకిల్ మీద గడ్డంతో దిగాడు. వెనక ఒక చెక్క పెట్టె. అందులో ఏముందా అని నిద్రపట్టలేదు. తీరా చూస్తే టైప్ మిషన్. నేను రచయిత అంటాడు. హెన్రీ దగ్గర ఉన్న కథల పుస్తకం మీద కన్నేస్తాడు. అభిమానులు రెండుగా చీలిపోయారు. వీడు ఆ పుస్తకం రాసినవాడే, గ్రిమ్ సోదరుల్లో ఒకడని కొందరు. కాదు, రంపుల్‌స్టిల్ట్‌స్కిన్ ఎప్పుడో పోగొట్టుకున్న కొడుకు బేల్‌ఫైర్ అని మిగతావాళ్ళు. నేను రెండో పార్టీ. కడప అక్క మొదటి పార్టీ. ఖమ్మం ఓటు వెయ్యలేదు. "కాలు పట్టుకుని కుంటుతున్నడు ఎందుకు?" అని మాత్రం అడిగింది.

అమ్మమ్మకి రెండు పక్షాల వాదనా వినిపించాను. కాసేపు ఊఁ కొట్టి, "బంగారయ్య కొడుకైతే కాదులే," అంది.

"నీకెలా తెలుసు?"

"కన్నకొడుకు అన్నేళ్ళకి తండ్రిని చూస్తే దూరంగా నిలబడి మోటార్‌సైకిల్ తుడుచుకుంటాడటే? మొహం మీద తిట్టిపోస్తాడు. లేకపోతే ఏడుస్తాడు. ఇతనెవరో ఏదో పని మీద వచ్చాడు."

ఏప్రిల్ 22న నా పార్టీ గెలిచేసినట్టే అనిపించింది. అడవిలో గోల్డ్ అతని ముందు కన్నీళ్ళు పెట్టుకుని, తప్పైపోయింది నాయనా అన్నాడు. ఇద్దరూ కావలించుకున్నారు. సోఫా మీద ఎగిరాను. అయిదు నిమిషాలు తిరగలేదు, వీడు నా కొడుకు కాదు, వాడికైతే ఈ లోకంలో నన్ను ఆడించే ఆ మంత్రపు కత్తి పనిచెయ్యదని తెలుసు అని గోల్డ్ మెడ పట్టుకున్నాడు. అంటే మా ఊహ ఇదేనని రచయితలకి తెలుసు, దాన్నే ఆగస్ట్ చేత వేషం వేయించారు. అంత అందంగా మోసపోయిన సందర్భం నాకు ఇంకొకటి లేదు. ఆ తర్వాతి ఆదివారం తేలింది, అతను కొయ్యబొమ్మ నుంచి మనిషైన పినోకియో. కాలు మళ్ళీ కొయ్యగా మారిపోతోంది, కుంటడం అందుకు.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి తగిలించారు అందులోనే. ఎమ్మాని ఈ లోకానికి పంపిన బీరువాలో ఒక్కరికే చోటని మొదటి ఎపిసోడ్ నుంచి నమ్ముతూ వచ్చాం. అందుకే స్నో వైట్ బిడ్డని ఒంటరిగా పంపేసింది. నిజానికి ఇద్దరికి చోటుంది. బీరువా చేసిన వడ్రంగి జెపెట్టో, రెండో చోటు తన కొడుకు పినోకియో కోసం అట్టే పెట్టుకుని అబద్ధం చెప్పించాడు. కడప అక్క మండిపడింది. ఆ ముసలాయన వల్లే కదా ఎమ్మా అనాథలా పెరిగిందని. అమ్మమ్మ మాత్రం, "మరి తన పిల్లాణ్ణి తను చూసుకోడూ?" అంది. వెంటనే మళ్ళీ తనే, "పాపం ఆ తల్లి," అంది.

మే 13తో మొదటి ఏడాది కథ అయిపోయింది. శాపం విరిగింది. విరగ్గొట్టిన ముద్దు రాకుమారుడిది కాదు, కొడుకు నుదుటి మీద ఎమ్మా పెట్టింది. దాన్ని ముందే కనిపెట్టామని చెప్పుకోవాలని ఉంది గానీ, మాలో ఎవ్వరూ కనిపెట్టలేదు.

రెండో ఏడాది చూడ్డం కాస్త చెదిరింది. ఇంటర్న్‌షిప్పులు, ఇంటర్వ్యూలు. డాక్టర్ వేల్ ఎవరో అన్న పందెం ఒకటి గుర్తుంది. ఇంగ్లీషులో వేల్ అంటే తిమింగలం కదా, పినోకియోని మింగిన తిమింగలం అని నేను పది డాలర్లు కాశాను. ఆయన శవానికి ప్రాణం పోసిన ఫ్రాంకెన్‌స్టైన్ అట. 1931 నాటి 'ఫ్రాంకెన్‌స్టైన్' సినిమా తీసిన దర్శకుడి పేరు జేమ్స్ వేల్. ఆ లోకం సీన్లన్నీ బ్లాక్ అండ్ వైట్‌లో చూపించారు. పది డాలర్లు కడప అక్కకి ఇచ్చాను. అందులోంచే మళ్ళీ పిజ్జా వచ్చింది.

అమ్మమ్మకి ఈ డాక్టర్ల గొడవ పట్టలేదు. ఆవిడ ప్రశ్న ఒక్కటే, ప్రతి సోమవారం. "బంగారయ్య కొడుకు దొరికాడా?" ఆ తండ్రి చరిత్రంతా ఆవిడకి కంఠతా వచ్చు. కొడుకుని యుద్ధానికి పంపకుండా కాపాడుకోవడానికి మంత్రశక్తి పుచ్చుకున్నాడు. పుచ్చుకున్నాక దాన్ని వదల్లేకపోయాడు. మంత్రాలు లేని లోకానికి ఇద్దరం వెళ్ళిపోదాం నాన్నా అని ఆ పిల్లాడు దారి తెరిస్తే, సుడిగుండంలోకి జారుతున్న కొడుకు చెయ్యి పట్టుకుని పట్టుకుని, చివరికి వదిలేశాడు. శాపం, ఊరు, ఇన్నేళ్ళ కుట్ర అంతా ఆ ఒక్క చెయ్యి కోసం.

2013 ఫిబ్రవరి 17. గోల్డ్ ఎమ్మానీ హెన్రీనీ వెంటబెట్టుకుని కొడుకుని వెతుక్కుంటూ న్యూయార్క్ వెళ్ళాడు. అపార్ట్‌మెంట్లోంచి పారిపోతున్నవాణ్ణి ఎమ్మా వీధుల వెంట తరిమి కింద పడేసింది. తీరా మొహం చూస్తే నీల్. ఆమెని ఒకప్పుడు ప్రేమించి జైలుపాలు చేసి పోయినవాడు, హెన్రీకి తండ్రి. ఖమ్మం సోఫా దిగి పరుగున వెళ్ళి ఫ్రిజ్ వెనకనుంచి డబ్బా లాగింది. దుమ్ము దులిపి, రంపుల్‌స్టిల్ట్‌స్కిన్ నుంచి హెన్రీ దాకా ఒక గీత గీసింది. పెన్ను రాయలేదు. నోటి ఆవిరి ఊది మళ్ళీ గీసింది. తాకట్టు కొట్టు ముసలాయన ఆ పిల్లాడికి స్వయానా తాత. ఆ ఎపిసోడ్‌లోనే ఇంకో జోస్యం, నీ కొడుకు దగ్గరికి చేర్చే పిల్లాడి వల్లే నీ నాశనం అని. కడప అక్క "కంసుడి వరస," అంది. మేమిద్దరం ఒప్పుకున్నాం.

అమ్మమ్మకి ఫోన్ చేసి, "దొరికాడు," అన్నాను.

"దొరికాడూ? తిట్టాడా?"

"తిట్టాడు. మొహం చూడనన్నాడు."

"చూడడు మరి," అంది. కాసేపు అటునుంచి చప్పుడు లేదు. "చెయ్యి వదిలేసినవాడు కదే. ఉండు, పాలు పొంగుతున్నాయి."

మేలో ఇల్లు ఖాళీ చేశాం. డబ్బా నాకు కావాలని నేనూ, నేనే గీశాను కాబట్టి నాదని ఖమ్మమూ వాదించుకుంటుంటే, సామాను సర్దుతున్న హైదరాబాద్ దాన్ని ఇంకో నాలుగు అట్టపెట్టెలతో కలిపి చెత్తలో పడేసి వచ్చింది. మూడో ఏడాది నవంబరులో పీటర్ పాన్ ఎవరో కాదు, రంపుల్‌స్టిల్ట్‌స్కిన్ తండ్రే అని తేలిన రాత్రి ఖమ్మం ఆస్టిన్ నుంచి ఫోన్ చేసింది. ఎప్పటికీ పిల్లాడిగా ఉండాలని కన్నకొడుకునే వదిలేసుకున్నవాడట. "అక్కా, డబ్బా మీద ఇంకో మెట్టు పైకి గియ్యాలిప్పుడు," అంది. అంటే హెన్రీని ఎత్తుకుపోయిన ఆ కుర్రాడు వాడికి ముత్తాత.

తర్వాత తర్వాత నాకే ఆసక్తి తగ్గింది. 'ఫ్రోజెన్' సినిమాలోని ఎల్సా వచ్చిందంటే అందరికీ అప్పటికే ఆ సినిమా తెలుసు, వీళ్ళూ ఆ అమ్మాయిని అలాగే ఉంచేశారు. ఊహించడానికి ఏం మిగలనప్పుడు ఇక చూడ్డమొక్కటే మిగులుతుంది, అది నాకు సరిపోలేదు. సీరియల్ ఏడు సీజన్లు, 155 ఎపిసోడ్లు సాగి 2018 మే 18న ముగిసింది. అప్పటికి ఆదివారం నుంచి శుక్రవారానికి కూడా మార్చేశారు.

నేను మనసు పెట్టి చూసిన చివరి ఎపిసోడ్ 2014 మార్చి నెలాఖరుది. అప్పటికి న్యూజెర్సీలో ఉద్యోగం, ఒక్కదాన్నే ఒక గది. కేబుల్ ఉంది, బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోదు, కిటికీ దగ్గర ఎవరూ నిలబడక్కర్లేదు. ఆ ఎపిసోడ్‌లో తెలుస్తుంది, చనిపోయిన తండ్రిని బతికించడానికి నీల్ తన ప్రాణం పణంగా పెట్టాడని. కొడుకు పోతుంటే చూడలేక తండ్రి అతన్ని తన ఒంట్లోకే లాక్కున్నాడు. ఒకే శరీరంలో ఇద్దరు. అందుకే ఆయన పిచ్చిపట్టినట్టు తిరుగుతున్నాడు. చివరికి నీల్ తనే ఎమ్మాని అడిగి వేరు చేయించుకుని, తండ్రి చేతుల్లో పోయాడు. ఈసారి ఆయన చెయ్యి వదల్లేదు.

అలవాటు కొద్దీ ఫోన్ చేశాను. అమ్మమ్మకి అప్పటికి కాస్త వినికిడి తగ్గింది. తిన్నావా అంది. తిన్నాను అన్నాను.

"బంగారయ్యా, కొడుకూ కులాసాయేనా?"

"ఆఁ."

"కలిసిపోయారా?"

"కలిసే ఉన్నారమ్మమ్మా. ఒక్క ఒంట్లోనే ఉన్నారు."

"ఒక్క ఇంట్లోనేనా? పోనీలే," అంది. "మరి వంటెవరు చేస్తారే? బంగారయ్యకొచ్చా?"

"వచ్చు," అన్నాను.